సగం విడిపోతాయట

పెళ్లి చేసుకుందామా అని ఆండర్స్ మే నెలలోనే అడిగాడు. సెప్టెంబరు వచ్చినా మా చెల్లెలి కూతురు బ్రిటా అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మా అమెరికాలో పెళ్లిళ్లలో సగం విడాకులతో ముగుస్తాయన్న మాట ఆమె మనసులో ముల్లులా దిగబడింది. ఆమె తల్లిదండ్రులు కూడా ఆ సగంలోని వారే కాబట్టి దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేకపోయింది.

విస్కాన్సిన్‌లోని మా ఊరి టౌన్‌హాలులో బంధువుల పెళ్లి విందు జరుగుతూండగా, మూలబల్ల దగ్గర ఆమె నన్ను నిలదీసింది.

"చదువుకున్నవాడివి కదా మామయ్యా. సగం అన్నది నిజమేనా?"

"ఒక ఏడాది జరిగిన పెళ్లిళ్లనూ, అదే ఏడాది మంజూరైన విడాకులనూ పక్కపక్కన పెట్టి చాలామంది అలా అనేస్తారు. ఈ ఏడాది విడిపోయినవాళ్లు ఈ ఏడాది పెళ్లాడినవాళ్లు కారు కదా! పైగా రెండోసారి, మూడోసారి చేసుకున్నవాళ్లూ అందులోనే కలిసిపోతారు. మొదటి పెళ్లిళ్లలో విడిపోయేవి అంతకంటే తక్కువేనంటారు."

"మరి నా పెళ్లి సంగతి?"

"అది ఏ పుస్తకంలోనూ లేదు."

"బ్రహ్మచారిని సలహా అడిగాను చూడు, నన్ననాలి!"

అంతలో డీజే పెళ్లయిన జంటలన్నిటినీ మధ్యకు పిలిచాడు. మా పెళ్లిళ్లలో ఇది తప్పనిసరి ముచ్చట. జంటలన్నీ నాట్యం మొదలుపెడతాయి. ఏడాది నిండనివారు, ఐదేళ్లు నిండనివారు, పదేళ్లు నిండనివారు అంటూ డీజే వరుసగా బయటికి పంపుతాడు. చివరికి మిగిలిన జంటకు పూలగుత్తి.

హాలు మధ్యభాగం కిక్కిరిసిపోయింది.

"చూడు, ఎంతమంది ఉన్నారో," అన్నాను కాస్త ధీమాగా.

బ్రిటా అటు చూడలేదు. గోడవారన కుర్చీలను చూసింది. "హిల్డా పిన్ని కూర్చునే ఉందేం?"

"వసంతంలో బాబాయి పోయాడు కదమ్మా."

"అమ్మ కూడా కూర్చునే ఉంది. ఆడేవాళ్లనే చూస్తే అందరి కాపురాలూ నిలిచినట్టే ఉంటుంది మామయ్యా."

పుస్తకంలో అంకె అతిగా భయపెడితే, కళ్లెదుటి దృశ్యం అతిగా ధైర్యం చెబుతోంది.

పదేళ్లు నిండనివారిని డీజే వెళ్లమన్నప్పుడు బ్రిటా తండ్రి ఆర్విల్ కదలలేదు. రెండో భార్య జీనెట్ చెయ్యి పట్టి లాగుతున్నా, ఇరవై ఏళ్ల పిలుపు దాటాక కూడా దర్జాగా తిరుగుతూనే ఉన్నాడు. మా చెల్లెలు లోర్నా కుర్చీలోంచే కేకేసింది.

"ఓయ్ ఆర్విల్! బయటికి నడు! అందులో పందొమ్మిదేళ్లు నావి!"

హాలంతా గొల్లుమంది.

"అవీ నేను కాపురం చేసిన ఏళ్లేగా! లెక్కలోకి రావా?"

"వస్తాయి, నా లెక్కలోకి! ముందు ఆ పిల్లను కూర్చోనివ్వు."

"గట్టిగా చెప్పక్కా! నా మాట వింటేగా!" అంది జీనెట్.

బ్రిటా నవ్వలేదు. లేచి తల్లి పక్కకు వెళ్లింది. నేనూ వెంట నడిచాను.

"అవి నావని ఎలా అన్నావమ్మా? అవన్నీ వృథా అయ్యాయనుకుంటావనుకున్నాను."

"వృథా ఎందుకవుతాయే? చివరి మూడేళ్లూ నరకమే. నువ్వూ ఆ ఇంట్లోనే ఉన్నావు, నీ దగ్గర దాచేదేముంది? కానీ అంతకుముందు మేం బతికినదాన్ని జడ్జి కొట్టేయలేదుగా!"

"మళ్లీ అయితే చేసుకుంటావా?"

లోర్నా మాజీ మొగుడి వైపు చూసింది. "ఆనాటి ఆర్విల్‌ని చేసుకుంటాను. కాకపోతే, ఈసారి నరకం మొదటి ఏడాదే లేచి వచ్చేస్తాను."

"నాకు భయం పోలేదమ్మా."

"పోదు. మమ్మల్ని చూస్తూ పెరిగావు, ఎలా పోతుంది?"

నేను చదివిన పట్టికల్లో మా చెల్లెలి కాపురం విరిగినవాటి కింద ఒక గీత. ఆ గీత తప్పు కాదు. పందొమ్మిదేళ్లూ అందులో పట్టలేదు, అంతే.

బ్రిటా వంటగదికి వెళ్లింది. ఆండర్స్ అక్కడ ఆడవాళ్లకు సాయంగా కాఫీ కప్పులు తుడుస్తున్నాడు. వడ్డన కిటికీలోంచి మాటలు మాకు వినబడుతూనే ఉన్నాయి.

"ఆండర్స్, నాకు భయంగా ఉంది."

"నాకు మాత్రం లేదా?"

"మరి చెప్పవేం?"

"చెబితే నువ్వు కాదంటావని."

"నేను అవుననడానికే వచ్చాను."

అతను అప్పటికే ఆరిపోయిన కప్పును మళ్లీ తుడవసాగాడు.

"అన్నయ్యా, తొంగి చూడకు," అంది లోర్నా, మెడ చాచి చూస్తూ.