ఫ్యాన్ తిరిగినంతసేపు

నఫీసా బేగం కెమెరాను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, బటన్ నొక్కింది. తెర మీద దుకాణం సీలింగ్ ఫ్యాన్ తిరగడం మొదలైంది. మూడు రెక్కలు, నడుమ బూజు పట్టిన డిప్ప, పక్కన కప్పు మీద నీటి మరక. ఆ మరక ఆకారం ఇప్పటికి ఆమెకు కంఠతా వచ్చు.

"నఫీసక్కా, నా ఫ్యానుకు నువ్వు తీసినన్ని వీడియోలు సినిమా హీరోకు గూడ తియ్యలె ఎవ్వలు" అన్నాడు చందు, షట్టరు పూర్తిగా పైకి తోస్తూ. జనగామ స్టేషన్ రోడ్డులో అతనిది సెల్‌ఫోన్ల దుకాణం. పొద్దున్నే ఎనిమిదింటికి అతని చేత దుకాణం తెరిపించగలిగే మనిషి ఈమె ఒక్కతే.

"నీ ఫ్యాన్ మంచిది రా. ఫొటోల కండ్లు మూయదు."

ఆమెకు యాభై రెండేళ్ళు. పొట్టి మనిషి. కెమెరా బెల్టు రాసుకుని రాసుకుని బురఖా కుడి భుజం దగ్గర నలుపు వెలిసి బూడిద రంగుకు దిగింది. ముడతలన్నీ ఎడమ కంటి చుట్టూనే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా మూసింది ఆ కన్నే మరి. భర్త స్టూడియో నడిపే రోజుల్లో పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ గదిలోకి అతన్ని రానిచ్చేవాళ్ళు కాదు. "నువ్వు పోయి నొక్కిరా" అని కెమెరా చేతికిచ్చి పంపాడు. అతను పోయాడు, స్టూడియో పోయింది, నొక్కడం మాత్రం మిగిలింది.

జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఆడవాళ్ళ గదుల్లో ఆమెకు రెండే నియమాలు. ఒకటి, ఎదుటి మనిషి కెమెరా వైపు చూసి తల ఊపనిదే ఫొటో తీయదు. రెండోది, పెళ్ళి ముగిశాక కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి పెళ్ళికూతురి తల్లి అరచేతిలో పెడుతుంది. కాపీ ఉంచుకోదు. ఆ తర్వాత అది వాళ్ళ బీరువా, వాళ్ళ తాళం. అందుకే ఇన్నేళ్ళలో ఆమె తీసిన ఒక్క ఫొటో కూడా ఆమె ఇంట్లో లేదు, వాడిన పాత కార్డు అనేదీ లేదు. ప్రతి పెళ్ళికీ కొత్త కార్డే.

అంతకుముందు, షట్టరు సగం లేపగానే, చందు బల్ల మీద మూడు రకాల కార్డులు పరిచాడు. "నూట ఇరవై ఎనిమిది జీబీ తీస్కో అక్కా. ఊరు ఊరంతా పడ్తది."

"ఊరంతా నాకెందుకు? ఒక్క ఇల్లు పడితే సాలు. పదహారుది తియ్యి."

పదహారని ముద్ర వేసి లోపల నాలుగే ఉండే కార్డులు బజారులో బోలెడు. నాలుగు నిండినా కెమెరాకు తెలియదు. టక్కు టక్కుమంటూనే ఉంటుంది. తర్వాత చూసుకుంటే చివరి ఫొటోలన్నీ ఖాళీ గళ్ళు. ఏడేళ్ళ కింద పాలకుర్తిలో అదే జరిగింది. పెళ్ళికూతురు ముస్తాబైంది, నిఖా అయింది, అప్పగింతలు మాత్రం లేవు. ఆ కార్డు ప్రకారం ఆ పిల్ల ఇంకా పుట్టింట్లోనే ఉంది. ఆ రోజు నుంచి నఫీసా ప్రతి కార్డునూ కొనేముందు ఫ్యాన్‌తో నింపి, చివరి ముక్క ఆడుతుందో లేదో చూసి, చెరిపి, అప్పుడు సంచిలో వేసుకుంటుంది. ఒక్కో కార్డుకు ముప్పావుగంట.

ఈసారి ఇంకా జాగ్రత్త పడాలి. మొన్న మానుకోట నుంచి లతీఫ్ ఫోన్ చేశాడు.

"ఆపా, బిడ్డ పెండ్లి ముందుకు జరిపినం. మా ఇంటామెను దవాఖానోల్లు ఇగ ఇంటికి తీస్కపొమ్మన్నరు. ఎన్నడు ఫొటో దిగని మనిషి, ఇప్పుడు దిగుతా అంటున్నది. ఫరహత్ తోని, కూసొని, ఒక్కటి. జర మంచిగ తియ్యాలె."

తర్వాత ఫోన్ ఆమె చేతికి మారింది. మహబూబ్ బీ గొంతు సన్నగా, నవ్వుతూ వచ్చింది. "ఆధార్ కార్డుల నా మొఖం దొంగతనం చేసి దొరికినట్టున్నది ఆపా. నా బిడ్డకు అదే మిగుల్తదా? ఫోన్ల దిగుదామంటే మాపటికి అందరి స్టేటస్‌లల్ల ఉంటా. నువ్వే రావాలె."

ఎనిమిదీ యాభైకి కార్డు నిండింది. చివరి ముక్క నొక్కితే తెర నల్లగా నిలబడింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ నలుపే.

చందు ముఖం మాడింది. "సరుకు కొత్త మనిషి దగ్గర తెచ్చిన అక్కా. ఇగో, ఈ రెండోది పాత సరుకు. పక్కా. నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టు నాకేం జేస్తది. ఫ్యాన్ తిప్పు."

"తొమ్మిదింపావు బండి పోతది గదా! బండ్ల కూసొని సూస్కో."

"బండెక్కినంక ఇది గూడ పాడైతే ఎవలనడగాలె?"

రెండో కార్డు పెట్టి బటన్ నొక్కింది. ఫ్యాన్ తిరిగింది. తొమ్మిదింపావుకు స్టేషన్‌లో బండి కూత వినపడింది. ఇద్దరూ తలెత్తలేదు. తొమ్మిదీ నలభైకి చివరి ముక్క ఆడింది. మూడు రెక్కలు, బూజు, మరక, అన్నీ తేటగా ఉన్నాయి. ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుంది.

తర్వాతి బండిలో మానుకోట చేరేసరికి ఒంటిగంట దాటింది. ఆడవాళ్ళ గది గుమ్మం దగ్గర ప్లాస్టిక్ బుట్ట నిండా స్విచాఫ్ చేసిన ఫోన్లున్నాయి. పెళ్ళికూతురు ఫరహత్ ఎర్ర జోడాలో ఎదురొచ్చింది.

"అమ్మి పదింటికెళ్ళి కూసున్నది ఆపా. అలిసింది. ఆపా వస్తే లేపుండ్రి అని ఇప్పుడే ఒరిగింది."

లోపలి గదిలో మహబూబ్ బీ గోడవైపు తిరిగి నిద్రపోతోంది. ఆకుపచ్చ చీర, కళ్ళకు సుర్మా, కొత్తగా దువ్విన పలచని జుట్టు. ఛాతీ మెల్లగా లేస్తోంది, దిగుతోంది. ఫరహత్ లేపబోతే నఫీసా చెయ్యి పట్టుకుంది.

"జర పండనియ్యి బిడ్డా. నిద్ర మొఖం ఫొటోల తెలుస్తది. మగపెళ్ళోల్లు వచ్చెటాల్లకు అందరివి తీస్త. మూడింటికి కిటికీల మంచి ఎండ పడ్తది. అప్పుడు లేపుదాం."

కిటికీ పక్కకు కుర్చీ తనే జరిపింది. కూర్చునే చోట ఒక దిండు, వీపుకు ఒకటి. తల ఆనుకునే చోట తన సంచిలోని తెల్ల రుమాలు విప్పి పరిచింది. మహబూబ్ బీకి సెలైన్ సూది గుచ్చిన చేయి కెమెరాకు కనబడకుండా కుర్చీని కొంచెం ఏటవాలుగా తిప్పింది.

భూపాలపల్లి నుంచి వరుడి వాళ్ళు దిగారు. నిఖా అయింది. నిద్ర చెడకూడదని లోపలి గది తలుపు దగ్గరికేసే ఉంచారు. మేనత్తలు, వదినలు, చంకలో పిల్లలు, ఒక్కొక్కరే చూసి తల ఊపారు. ఆమె నొక్కింది. మూడు వందల పన్నెండు ఫొటోలు. కార్డు ఎక్కడా తడబడలేదు.

మూడింటికి ఎండ కుర్చీ మీద పడింది. ఫరహత్ లోపలికి వెళ్ళింది.

కేకేమీ వినపడలేదు. చాలాసేపటికి నఫీసా వెళ్ళి చూసింది. పిల్ల మంచం పక్కన నేల మీద కూర్చుని, తల్లి పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఉంది. చెంగుతో వాటిని కప్పుతోంది, అవి చల్లబడ్డాయని.

"ఒక్కటి తియ్యి ఆపా. గిట్లనే తియ్యి."

నఫీసా కెమెరా ఎత్తింది. ఎడమ కన్ను మూసింది. గాజులోంచి ఆ ముఖాన్ని చూస్తూ, అలవాటు ప్రకారం తల ఊపడం కోసం ఆగింది. ఆగి, ఆగి, కెమెరా దించింది.

"నా తోని కాదు బిడ్డా."

వాకిట్లో షామియానా విప్పుతున్నారు. లతీఫ్ గోడకానుకుని నిలబడ్డాడు. "నువ్వు ఎమ్మటే లేపకపోతివి ఆపా" అన్నాడు. కోపంగా కాదు. అంతలోనే తల తిప్పుకున్నాడు. "నిద్రల పోయింది. అది నయమే."

పొద్దున తొమ్మిదింపావు బండి ఎక్కి ఉంటే పదకొండింటికి ఇక్కడుండేదాన్నని ఆమె అతనికి చెప్పలేదు. ఎందుకు ఎక్కలేదో చెప్పాలంటే ఫ్యాన్ సంగతి చెప్పాలి.

కార్డు తీసి ఫరహత్ అరచేతిలో పెట్టింది. పిల్ల వేళ్ళు మూయలేదు.

"ఇందుల అమ్మి ఉన్నదా?"

"లేదు బిడ్డా."

ఆడవాళ్ళు ఆఖరి స్నానానికి నీళ్ళు కాగబెడుతున్నారు. నఫీసా సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటింది. కిటికీ పక్కన ఏటవాలుగా కుర్చీ అలాగే ఉంది. ఎండ దాని మీంచి జరిగి గోడెక్కింది. వీపు దిండు మీద, తల ఆనుకోవలసిన చోట, తెల్ల రుమాలు ఒక్క ముడతా పడకుండా పరిచి ఉంది.