ఎమ్ దగ్గర సత్తమ్మ

జనగామ శివారులోని ఆ మైదానం చుట్టూ తెల్ల పలకల మీద ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు రాసి పెట్టారు. ఒక్కో అక్షరం దగ్గర ఒక్కో మనిషి. గుర్రం దగ్గరికి వస్తుంటే ఆ మనిషి తన అక్షరాన్ని గట్టిగా పలకాలి. చూపులేని హరిత ఆ గొంతు ఆనవాలు పట్టుకుని గుర్రాన్ని మలుపుతుంది. తల్లి సత్తమ్మకు వచ్చిన అక్షరం ఎమ్.

"అక్షరం దప్ప ఇంకో మాట నోట్లకెళ్లి వచ్చిందనుకో అవ్వా, జడ్జి గంట కొడ్తడు. పిల్ల పోటీలకెళ్లి బయటికే," అని స్వారీ నేర్పే వెంకన్న సారు పొద్దున్నుంచి చెబుతూనే ఉన్నాడు. ఇక్కడ నెగ్గితేనే హరిత జాతీయ పోటీలకు పోయేది.

అక్షరం మరిచిపోతానని కాదు సత్తమ్మ భయం. హరిత గడప దాటినా, కేసముద్రంలో రైలెక్కినా, తల్లి నోట ముందుగా వచ్చే జాగ్రత్త మాట "పైలం బిడ్డా". అనుకుని అనేది కాదు. ఆవులింతలా దానంతటదే వస్తుంది.

"వదినా, నువ్వు నోరు మూసుకునుడు మనూళ్లె ఎవ్వలన్న సూసిన్రా? ఇయ్యాల నేనే మొదలు సూస్త," అన్నాడు బీ దగ్గరికి పోతున్న మరిది పోచయ్య.

"నీ నోరు పడిపోను! జర పరేషాన్ జెయ్యకు."

ఆమె కొంగు చివర పళ్లకింద పెట్టుకుని నిలబడింది.

హరిత గుర్రం మీద లోపలికి వచ్చింది. ఎఫ్ పలికారు. పోచయ్య బీ అని అరిచాడు. అంతలో ఎమ్ మూలన కంచెకు కట్టిన తెల్ల పరదా ముడి ఊడి, చప్పుడు లేకుండా ఉబ్బి లేచింది. గుర్రం చెవులు నిక్కబొడుచుకున్నాయి. అది అందరికీ కనిపించింది, పైన కూర్చున్న హరితకు తప్ప.

సత్తమ్మ పళ్లకింది కొంగు జారింది. ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది. పెదవులు బిగించి మింగింది. ఇక పలకకపోతే గుర్రం మూల దాటిపోతుంది.

"ఎ...మ్‌మ్!"

చేనులో పాము కనబడితే పిలిచే గొంతు అది.

హరిత కళ్లేన్ని దగ్గరికి తీసింది. మోకాళ్లు బిగించింది. మరుక్షణమే గుర్రం పక్కకు ఉలికిపడింది. ఆమె తొణకలేదు. మూల తిప్పుకుని సీ వైపు పోయింది.

సత్తమ్మ గంట కోసం చెవులు రిక్కించింది. సీ పలికారు. హెచ్ పలికారు. గంట మోగలేదు. ఆట ముగిసింది.

బయట గుర్రం దిగి, హరిత తల్లి భుజం వెతికి పట్టుకుంది.

"ఆ మూలకు ఏమొచ్చిందే అవ్వా? పైలం అన్నవ్ గద."

సత్తమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. "అనలే బిడ్డా, ఒట్టు! ఎమ్మే అన్న. అందరిన్నరు."

"ఎమ్మే అన్నవ్ తియ్. నాకు మాత్రం పైలమనే ఇనబడ్డది."

సత్తమ్మ గబుక్కున కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టి, జడ్జీలు కూర్చున్న షామియానా వైపు చూసింది.

"మెల్లగనే! వాళ్లింటరు. ఇంక మార్కులు ఎయ్యలే."