పరీక్షకు పెట్టిన చిరునామా

రెండో వరద వచ్చిన ఏడాది అది. నీళ్లు పంపు గదిలోకి మోకాలి దాకా వచ్చి, మెట్ల కింద వేలాడే ఫిర్యాదుల పెట్టెను ఎత్తుకుపోయాయి. మొదటి వరదకు నా భార్య ఉంది. సామాను అటకెక్కించడానికి ఇద్దరం ఉన్నాం. ఈసారి నేనొక్కణ్ణే ఎక్కించాను. ఎక్కించడానికి పెద్దగా ఏమీ లేదు కూడా.

నేను క్వార్టర్లకు నీళ్లు వదిలేవాణ్ణి. పంపు పక్కనే నా గది.

పెట్టె పోయింది కాబట్టి ఆఫీసులో కంప్యూటరు పెట్టారు. ఇకమీదట కుళాయి కారినా, లైటు పోయినా జనం ఫోన్లోనే రాయాలి. దానికో టికెట్ నంబరు పడుతుంది. డెస్కు దగ్గర కూర్చునే అమ్మాయి అది చూసి, ఎవరు ఎప్పుడొస్తారో జవాబు రాస్తుంది. ఆ జవాబు మెయిల్లో వాళ్లకు చేరాలి. ఆ అమ్మాయిని అందరూ డెస్కమ్మ అనేవారు.

ఇదంతా అమర్చడానికి ఒక కళ్లజోడు మనిషి వచ్చాడు. ఆ రోజు నేను ఆఫీసులో కుళాయి బిగిస్తున్నాను.

"తాతా, ఫోనుందా?"

"ఉంది."

"మెయిలుందా?"

"తెలీదు."

ఫోను తీసుకుని ఏదో చేశాడు. "సరిగ్గా వెళ్తున్నాయో లేదో చూసుకోడానికి ఒక చిరునామా కావాలి. ఎవరికి రాసినా ప్రస్తుతానికి నీకే వచ్చేలా పెడుతున్నా. పరీక్షకి రాసే చెత్తంతా జనానికి పోకూడదు కదా. అయ్యాక తీసేస్తాలే" అన్నాడు. మధ్యాహ్నం ఇంకోచోటి నుంచి పిలుపొస్తే సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

తర్వాత నా ఫోను మోగడం మొదలైంది.

భార్య పోయాక అది మోగేది కాదు. తీసి చూశాను. నాది మూడో తరగతితో ఆగిన చదువు. కూడబలుక్కుని చదివాను. 'అయ్యా, మీ కిటికీ గడియ బాగుచేయడానికి వడ్రంగి గురువారం వస్తాడు.' నా గదికి కిటికీయే లేదు. కబురు పైన రాసిన ఇంటి నంబరు చూస్తే మూడో అంతస్తులోని గడియారాల మనిషిది. వెళ్లి చెప్పి రమ్మని ఆఫీసువాళ్లు పంపారనుకున్నాను. వెళ్లి చెప్పాను.

ఆయన ఒకప్పుడు వాచీలు బాగుచేసేవాడు. ఇప్పుడు ఒంటరిగా ఉంటాడు. తలుపు సగం తీశాడు.

"ఏం బావా, దారి తప్పావా?" ఆయన నాకేమీ కాడు. మగవాళ్లందర్నీ బావా అనే పిలుస్తాడు.

"గురువారం వడ్రంగొస్తాడు."

"అంతేనా? ఇంకోమాట మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా? రా, కూర్చో."

కూర్చున్నాను. టీ ఇచ్చాడు. మాట్లాడే పనంతా ఆయనే చేశాడు.

అలా నాకు కబుర్లు మోయడం పనైంది. పొద్దున నీళ్లు వదిలి, ఫోను చూసుకుని, మెట్లెక్కేవాణ్ణి. తలుపులు తెరుచుకునేవి. కొందరు నన్ను చూసి నవ్వేవారు కూడా. క్వార్టర్ల మధ్య గోడకు అవతలి బ్లాకుల జవాబులు కూడా వచ్చేవి. అటుపక్క నీళ్లు వదిలే మనిషి వేరే ఉన్నాడు, అతనికీ వెళ్లుంటాయిలే అని వాటి జోలికి పోలేదు.

గడియారాల బావ ఇంట్లో మాత్రం రోజూ ఏదో ఒకటి చెడిపోయేది. గడియ అయ్యాక స్విచ్చి. స్విచ్చి అయ్యాక మేకు. వెంట్రుకంత స్ప్రింగుల్ని సరిచేసిన చేతికి మేకు కొట్టడం రాదా అని నేనడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఒకరోజు ఆఫీసు కూలర్లోకి నీళ్లు రావడం లేదని పిలిస్తే వెళ్లాను. కళ్లజోడు మనిషి మళ్లీ వచ్చి ఉన్నాడు. సూపర్‌వైజరు డెస్కమ్మ మీద విరుచుకుపడుతున్నాడు.

"గోడకవతల జనం నన్ను పీక్కుతింటున్నారు! రాసిన వాటికి ఒక్క జవాబూ లేదంట. నువ్విక్కడ కూర్చుని గోళ్లు గిల్లుకుంటున్నావా?"

"నేను రోజూ రాస్తూనే ఉన్నాను సార్. వెళ్లినట్టే చూపిస్తోంది."

"చూపిస్తే చాలా? సాయంత్రానికి ఇది తేలకపోతే డెస్కు ఎత్తేస్తా. నువ్విక ఇంటికెళ్లొచ్చు."

ఆయన తలుపు విసురుగా వేసి వెళ్లాడు. డెస్కమ్మ కళ్లు తుడుచుకుంది. కళ్లజోడు మనిషి తల గోక్కున్నాడు. "సర్వర్ పేరు సరిగానే ఉంది. పాస్‌వర్డు సరే. పోర్టూ సరే. బయటికైతే పోతున్నాయి. ఎక్కడ పడుతున్నాయో అర్థం కావట్లేదు. ఇంకోసారి నీ మెయిలుకే పంపి చూస్తా."

మీట నొక్కాడు. నా జేబులో ఫోను మోగింది.

వాళ్లు పట్టించుకోలేదు. నాకు మాత్రం అప్పుడు అర్థమైంది. ఆ జవాబులేవీ మోసుకెళ్లమని నాకిచ్చినవి కావు. చెబితే ఈ మోత ఆగిపోతుంది, మెట్లెక్కే పనీ ఉండదు. చెప్పకపోతే ఆ పిల్ల ఇంటికిపోతుంది.

మళ్లీ నొక్కాడు. మళ్లీ మోగింది. ఫోను తీసి బల్ల మీద పెట్టాను.

"నాకొస్తున్నాయి."

"ఏవి?"

"అన్నీ."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు పెట్టిన కాడ్నుంచి."

"మరి చెప్పవేం తాతా?"

"ఎవరూ అడగలేదు."

కళ్లజోడు మనిషి తలపట్టుకున్నాడు. "అయ్యో! పరీక్ష చిరునామా తీయడమే మర్చిపోయాను. తప్పు నాది. సూపర్‌వైజరు గారికి నేనే చెప్తా."

డెస్కమ్మ ఏడుస్తూనే నవ్వింది. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికామన్నమాట! ఇవన్నీ ఏం చేశావు తాతా?"

"చదివి, వెళ్లి చెప్పాను."

"అందుకా! గోడకిటువైపు వాళ్లు ఒక్కరూ గొడవ చేయలేదు. మెయిలు రాకపోయినా నువ్వొచ్చావు."

కళ్లజోడు మనిషి కంప్యూటర్లో ఒక్క వరుస చెరిపాడు. మీట నొక్కాడు. ఈసారి డెస్కమ్మ ఫోను మోగింది. నా ఫోను బల్ల మీద ఉలుకూపలుకూ లేకుండా పడి ఉంది. జేబులో వేసుకుని, కూలరు సంగతి చూసి వచ్చేశాను.

ఆ సాయంత్రం దాన్ని పంపు స్విచ్చి పక్కన అరుగు మీద పెట్టుకున్నాను. పాడైందేమోనని ఒకసారి వెలిగించి చూశాను. బాగానే ఉంది. పంపు ఆపాక గదిలో గొట్టంలోంచి నీళ్లు జారే చప్పుడొక్కటే మిగిలింది.

మర్నాడు పొద్దున నీళ్లు వదిలి, చేతులు తుడుచుకున్నాను. ఫోను అరుగు మీదే వదిలేసి మూడో అంతస్తు ఎక్కాను. ఏం చెప్పాలో తెలియలేదు. అయినా తలుపు కొట్టాను.

గడియారాల బావ తలుపు సగం తీశాడు. చేతిలో ఆయన ఫోనుంది. "మేకు కబురు ఇందులోనే వచ్చింది బావా. నువ్విక రావేమో అనుకున్నా. ఇప్పుడేంటి కబురు?"

"కబురేం లేదు."

"మరి?"

"ఊరికే వచ్చా."

ఆయన తలుపు పూర్తిగా తీశాడు. లోపలికెళ్లి కూర్చున్నాను.