ఆఖరి రెండు జతలు

బల్ల కింద నుంచి కూర్మయ్య కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అరిగిన తోలు చెప్పులు, పగిలిన మడమలు, పైకి మడిచిన ఖాకీ ప్యాంటు. మిగతా మనిషంతా నెల్లిమర్ల దారిలోని ఆ ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ గదిలో, వైర్ల మధ్య ఉన్నాడు. నోట్లో టార్చిలైటు, చెవి మీద పెన్సిలు. ఒక్కో వైరునూ వేళ్లతో తడుముతూ, అది ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో చూసుకుని, చీటీ మీద రాసి దారంతో కడుతున్నాడు. ప్రిన్సిపాలు గది. లైబ్రరీ. ఆఫీసు. నాలుగో వైరు దగ్గర ఆగాడు. అది కిటికీ సందులోంచి బయటపడి, ప్రహరీ దాటి, ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో తేలింది. పరీక్ష పేపర్లు దాచుకునే కంప్యూటరుకూ జిరాక్సు షాపుకూ చుట్టరికం ఉందని పాపం కాలేజీ వాళ్లకే తెలియదు.

కూర్మయ్య దాన్ని ఊడదీసి, చుట్ట చుట్టి బల్ల మీద పెట్టాడు. ఎవరినీ ఏమీ అనలేదు. ముప్పై ఎనిమిదేళ్లు టెలిఫోన్ శాఖలో కేబుళ్లు అతికి రిటైరైన మనిషి. తెగిన వైరు మీద గానీ, దొంగవైరు మీద గానీ ఆయనకు కోపం రాదు.

ఈయన ఒక కంపెనీ బోర్డు సభ్యుడంటే ఎవరూ నమ్మరు. మొదట్లో ఆయనా నమ్మలేదు. ఆమదాలవలసలో ఆయన వీధివాడే ఉమాశంకర్ హైదరాబాదు ఉద్యోగం మానేసి, 2012లో విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక మేడ మీద నెట్‌వర్క్ సెక్యూరిటీ కంపెనీ పెట్టాడు. అంటే ఇతరుల కంప్యూటర్లలోకి దొంగలు దూరకుండా కాపలా కాసే పని. బోర్డులో తనతో పాటు ఒక రిటైర్డ్ పోలీసు ఇన్‌స్పెక్టరునీ, ఒక లెక్కల లెక్చరరునీ పెట్టుకున్నాడు. నాలుగో కుర్చీ కోసం కూర్మయ్య ఇంటికొచ్చాడు.

"తెర మీద సూసేవోలం ముగ్గురున్నాం మావా. వైరెంబడి నడిసేవోడు ఒకడు కావాల," అన్నాడు.

అదిగో, అప్పటి నుంచి నాలుగేళ్లుగా వారానికి రెండు రోజులు కూర్మయ్య పొద్దుటి పాసింజరుకు విజయనగరం వస్తాడు. బోర్డు సమావేశాల్లో మాత్రం నోరు విప్పడు. మధ్యలో టీ వస్తే అందరికీ గ్లాసులు అందించబోతాడు. ఆఫీసు వ్యవహారాలు చూసే అనూరాధ ఆ గ్లాసులు లాక్కుని, "మీరు డైరెక్టరండీ బాబూ," అని కోప్పడుతుంది.

ఆ రోజు కాలేజీ పని ముగించుకుని ఆఫీసుకు చేరేసరికి ఒంటిగంట దాటింది. భార్య దాలమ్మ కట్టిచ్చిన క్యారేజీ విప్పి, మెత్తళ్ల పులుసుతో అన్నం తిన్నాడు. చేయి కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద ఒక కాగితం పెట్టి ఉంది.

"మనం పని అడిగిన విశాఖ కంపెనీ వాళ్లు పంపారండీ," అంది అనూరాధ. "పని ఇచ్చే ముందు మన బోర్డు సభ్యుల వృత్తి నేపథ్యం కావాలంట. మీది నేనే రాసేశాను. సంతకం పెట్టండి చాలు."

ఆ పని వస్తే కంపెనీ ఐదారేళ్లు నిశ్చింతగా బతుకుతుందని ఆఫీసులో అందరికీ తెలుసు. కూర్మయ్య కళ్లద్దాలు పెట్టుకుని వేలు పెట్టి చదివాడు. 'టెలికాం మౌలిక సదుపాయాల రంగంలో సీనియర్ నిపుణులు' అని ఉంది.

"ఇదెవరమ్మా?"

"మీరేనండీ!"

"కేబుల్ జాయింటర్ అని రాయమ్మా. నాను సేసిన పని అది."

అనూరాధ నవ్వి, దిద్దడానికి చేయి చాచింది. కూర్మయ్య కాగితం ఇవ్వలేదు. ఆయన వేలు అడుగున ఉన్న ప్రశ్న దగ్గర ఆగిపోయింది. వృత్తి జీవితంలో మీ పొరపాటు వల్ల ఎవరికైనా హాని జరిగిందా? జరిగితే వివరాలు రాయండి.

"అక్కడ 'లేదు' అని రాయండి. మిగతా ముగ్గురూ అలాగే రాశారు," అంటూ ఆమె ఫోను మోగుతుంటే లోపలికి వెళ్లింది.

కూర్మయ్య పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. 'లేదు'. రెండే అక్షరాలు. వీటి కోసం ఇంతసేపా అని చూసేవాళ్లకు అనిపిస్తుంది.

ఇరవై ఏళ్ల కిందట కోటబొమ్మాళి పక్క ఒక ఊళ్లో వానలకు గట్టు జారి కేబుల్ తెగింది. యాభై ఫోన్ల కేబుల్. ఒక్కో ఫోనుకూ ఒక జత తీగలు. పాతకాలపు కేబుల్ కాబట్టి ఆ తీగలన్నీ ఒకే రంగు కాగితం చుట్టుకుని ఉంటాయి, ఏ జత ఎవరి ఇంటిదో చూస్తే తెలియదు. గోతిలో కూర్చున్న జాయింటరు ఒక్కో జతనూ ఎక్స్‌ఛేంజిలో ఉన్న మనిషితో మాట్లాడి, పరీక్షించి, ఇది ఫలానాది అని తేల్చుకున్నాకే అతకాలి. అయితే ఆ పనివాళ్లందరికీ ఒక అలవాటుంది. ఆఖరి జతను పరీక్షించరు. అన్నీ సరిగ్గా కలిశాక మిగిలిన ఒక్కటీ ఇంకెక్కడికి పోతుంది?

ఆ సాయంత్రం గోతిలో మోకాలి లోతు నీళ్లు. పొద్దుటి నుంచీ తిండి లేదు. నలభై ఎనిమిది జతలు అయ్యాయి. ఎక్స్‌ఛేంజిలో ఉన్న ఎర్రన్న, "ఇంక సాలు మావా, ఇంటికెల్లు," అన్నాడు. మిగిలినవి రెండు జతలు. చేతులు కొంకర్లు పోయి ఉన్నాయి. ఆఖరి జతకు చెల్లే అలవాటును కూర్మయ్య ఆఖరి రెండు జతలకూ వాడేశాడు. పరీక్షించకుండానే అతికేసి, గోతి పూడ్చి వెళ్లిపోయాడు.

అవి అటుదిటు, ఇటుదటు అయ్యాయి. ఒకటి ఎరువుల షాపుది. వానలకు ఆ షాపు మూడు రోజులు తాళం వేసి ఉంది. రెండోది పురుళ్లు పోసే నర్సు గున్నమ్మది. ఆమెకు చేసిన ఫోన్లన్నీ ఆ మూసిన షాపులో మోగాయి. తనకు ఫోన్లు రావడం లేదని మూడో రోజు ఆమే వచ్చి చెప్పింది. కూర్మయ్య గొయ్యి తవ్వి, అతుకు విప్పి, రెండు జతలనూ మార్చి కడుతుంటే గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడింది.

"నిన్న పొద్దుటి నుంచీ నాకు పోన్లు సేసినారంట బాబూ. తొలిసూలు పిల్ల, నొప్పులు పడతంది. అవతల మోగతానే ఉందంట, ఎవులూ ఎత్తలేదంట. నాను ఇంట్లోనే ఉన్నాను. నాకు ఇనబడనేదు. ఆకర్న బండి మీద తెచ్చీసరికి ఆలీసం అయిపోనాది. తల్లి దక్కినాది. బిడ్డ దక్కనేదు."

గోతిలోంచి కూర్మయ్య తల పైకెత్తలేదు. ఆ సాయంత్రం రిజిస్టరులో 'తడి వల్ల లోపం' అని రాశాడు. ఎవరూ అడగలేదు. దాలమ్మకు కూడా చెప్పలేదు. ఆ తర్వాత పద్నాలుగేళ్ల సర్వీసులో ఏ కేబుల్లోనూ ఆఖరి జతను పరీక్షించకుండా వదల్లేదు. చాదస్తమని తోటివాళ్లు నవ్వేవారు. ఎంత చేసినా ఆ బాధ తగ్గలేదు. వాన చప్పుడు వినబడితే చాలు, ఎక్కడో తాళం వేసిన గదిలో ఫోను మోగుతున్నట్టే ఉండేది.

కూర్మయ్య రాయడం మొదలుపెట్టాడు. అరగంట పట్టింది. సంతకం పెట్టి, తనే తీసుకెళ్లి ఉమాశంకర్ బల్ల మీద ఉంచాడు.

ఉమాశంకర్ ఒకసారి చదివాడు. లేచి తలుపు వేసి వచ్చి మళ్లీ చదివాడు.

"మావా, ఇది ఎవలికీ తెల్దు కదా."

"నాకు తెలుసు కదేటి."

"ఇది పంపితే పని రాదు."

"అలగైతే నా పేరు తీసీ బాబూ. నాకేటీ కోపం నేదు. రిజిస్టర్లో ఒకపాలి అబద్దం రాసీసినాను. రెండోపాలి రాయలేను."

పేరు తీసేయడం చిన్న పనే. ఉమాశంకర్ మాత్రం ఆ మాట అనలేకపోయాడు. కాగితాన్ని మడవబోయి, మడవకుండా సొరుగులో పెట్టాడు.

"రేపు మాటాడుకుందాం మావా. పాసింజరు టైమవుతంది, ఎల్లు."

కూర్మయ్య ఖాళీ క్యారేజీ పట్టుకుని మెట్లు దిగాడు. స్టేషన్లో దాలమ్మ కోసం అరడజను అరటిపళ్లు కొన్నాడు. పాసింజరులో కిటికీ పక్క చోటు దొరికింది. చీపురుపల్లిలో ఎదురుగా కూర్చున్న రైతుతో మామిడి కాపు గురించి నాలుగు మాటలాడాడు. ఒళ్లు తేలికగా ఉంది. ఇరవై ఏళ్లలో ఆయన ఇంత హాయిగా ఎప్పుడూ లేడు. పొందూరు దాటాక గాలి చల్లగా తగిలింది. కిటికీ చువ్వలకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

ఆమదాలవలసలో పెట్టె సగం ఖాళీ అయింది. "పెద్దాయనా, ఊరొచ్చీసినాది," అని ఆ రైతు భుజం తట్టాడు. రెండోసారి తట్టాక, మెల్లగా తన తలపాగా విప్పి చేత్తో పట్టుకున్నాడు.

నాలుగో రోజున అనూరాధ మిగతా ముగ్గురి కాగితాలతో ఉమాశంకర్ గదిలోకి వచ్చింది. కాగితాలు పంపడానికి అదే ఆఖరి రోజు.

"ఇప్పుడు బోర్డులో ముగ్గురే కదండీ. నాలుగో కాగితం పంపనక్కర్లేదు," అంది. అంటున్నప్పుడే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె అన్నది నిజమే. చనిపోయిన మనిషి నేపథ్యం ఎవరూ అడగరు. ఉమాశంకర్ సొరుగులోంచి కాగితం తీసుకుని ఆమదాలవలస వెళ్లాడు. దాలమ్మకు చదువు రాదు. ఆమె ఎదుట పీట మీద కూర్చుని, ఆమె మొగుడు రాసింది మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాడు.

దాలమ్మ కాగితం అందుకుని ఆ అక్షరాల మీద చేత్తో నిమిరింది.

"ఆడపిల్లా, మగపిల్లడా?" అని అడిగింది.

"అది రాయనేదత్తా."

"వానొస్తే అన్నం ముట్టేవోడు కాడు. జొరమనుకునీదాన్ని." కొంగుతో ముఖం తుడుచుకుంది. "పంపీ బాబూ. సచ్చిపోనాడని తీసీకు. రాసుకున్నాడు కదా, పంపీ."

ఆ సాయంత్రమే నాలుగు కాగితాలూ విశాఖ వెళ్లాయి. పదిహేను రోజుల తర్వాత నాలుగూ ఒకే కవరులో తిరిగి వచ్చాయి. పని వేరే కంపెనీకి ఇచ్చినట్టు పైన ఒక ఉత్తరం ఉంది, కారణం రాయలేదు. ఉమాశంకర్ కాగితాలను వరసగా బల్ల మీద పరిచాడు. మూడింటిలో ఆ ప్రశ్న కింది గడిలో ఒక్కొక్క 'లేదు' ఉంది, చుట్టూ బోలెడు ఖాళీ ఉంది. నాలుగోదానిలో గడి చాలక అక్షరాలు గీత దాటి, అంచు వెంబడి కిందికి దిగి, సంతకం పెట్టాల్సిన చోటంతా నిండిపోయి, 'కేబుల్ జాయింటర్ కూర్మయ్య' అన్న సంతకం కాగితం చిట్టచివర మూలకు ఒదిగి ఉంది.