ఎడమ మూల సంప్రదాయం

నేను ఒక ట్రంపెట్ కొసన అమరే ఇత్తడి మౌత్‌పీస్‌ను. చిన్న గిన్నె, దాని కింద సన్నని గొట్టం. నా దేహమంతా అంతే. లోకం ట్రంపెట్‌ను పొగుడుతుంది కాని, నాదం పుట్టేది నా అంచున ఆనిన పెదవుల అదురులోనే. ఆ పెదవులకు ఆధారం ముందుపళ్లు. కనుక పన్ను కదిలితే స్వరం కదులుతుంది. ఈ సూత్రాన్ని ఏలూరు బ్యాండుమేళంలో పెద్ద ట్రంపెట్ వాయించే జెకర్యాకు ఒక చేగోడీ బోధించింది.

నా తొలి యజమాని ఊపిరి చాలక నన్ను జెకర్యాకు అప్పగించాడు. జెకర్యా నన్ను పెదవుల నడిమధ్యన నిలిపి, చాలాకాలం గౌరవంగా చూసుకున్నాడు. ఒక పెళ్లిలో ఆడపెళ్లివారు మేళానికి చేగోడీలు పెట్టారు. మొదటిదానికే జెకర్యా ముందుపన్ను విరిగింది. పర్యవసానంగా గాలి ఆ సందులోంచి పారిపోయి, నాలోంచి బాతు అరుపు వెలువడింది.

"ఏరా జెకర్యా, పెళ్లికొడుకుని పిలుస్తున్నావా, బాతుల్ని తోలుతున్నావా?" అన్నాడు బ్యాండు మాస్టరు తాతారావు. "ఎదురుకోలుకి ఇలాగే వాయించావంటే పెద్ద ట్రంపెట్ ఏలీయాకిచ్చేస్తా. నువ్వు తాళాలు పట్టుకో."

ఏలీయా జెకర్యా శిష్యుడే. శిష్యుడి వెనక తాళాలు కొట్టుకుంటూ నడవడం కంటే అవమానం ఏముంటుంది? జెకర్యా షామియానా వెనక్కి పోయి, గట్టి పళ్ల కోసం నన్ను పెదవులపై అటూ ఇటూ జరిపాడు. ఎడమ మూలన దొరికాయి. మూతి వంకరపోయింది, ఒక కన్ను మూసుకుంది. స్వరం మాత్రం తిన్నగా వచ్చింది. ఎదురుకోలులో మగపెళ్లివారు మురిసిపోయారు.

మర్నాడు ఏలీయా మొదలుకొని శిష్యులందరూ మూతి వంకర తిప్పి, కన్ను మూసి, పళ్లన్నీ ఉండి కూడా అలాగే వాయించి బాతుల మందను తలపించారు. "విద్య రహస్యం ఆ మూలలోనే ఉందిరా," అని తాతారావు తీర్మానించాడు. గురుస్థానం ఎవరికి చేదు? జెకర్యా చేగోడీ మాట ఎత్తలేదు.

అతని భార్య కరుణమ్మ పట్టుబట్టి కొత్త పన్ను కట్టించింది. జెకర్యా మేళంలో సంబరంగా నన్ను మళ్లీ మధ్యకు తెచ్చుకున్నాడు.

"గురువుగారూ, మూల మర్చిపోయారు," అన్నాడు ఏలీయా, జాలిగా.

"ఆ వంకరేరా మన మేళానికి పేరు తెచ్చింది!" అని తాతారావు ఉరిమాడు. "తిన్నగా వాయించావంటే తాళాలే నీకు."

అందువలన నేను ఇప్పుడు పెళ్లిళ్లలో ఎడమ మూలన, ఇంట్లో నడిమధ్యన కాపురం చేస్తున్నాను. అలవాటు కొద్దీ జెకర్యా ఇంట్లోనూ మూతి తిప్పబోతే, వంటింట్లోంచి కరుణమ్మ కేకవేస్తుంది:

"ఇక్కడెవరూ చూట్టం లేదులే, చక్కగా వాయించుకో!"