వరస అక్కర్లేని భాష

తడి దుప్పటి కొసలు పట్టుకుని పెద్దక్క అటు, ఆమె ఇటు నిలబడి ఒక్క విదిలింపు విదిలించారు. నీటి తుంపర మొహాన పడింది. తుడుచుకోకుండానే ఆమె నోట్లో నోట్లోనే గొణుక్కుంది: "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్... అమావాస్యకో పున్నానికో."

"మొదలెట్టావా తల్లీ జపం!" అంది పెద్దక్క. "కొస సరిగ్గా పట్టుకో ముందు."

ఆసుపత్రి అడుగు అంతస్తులో ఉన్న ఈ బట్టలుతికే గదిలో ఆమెది ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. సబ్బునీళ్ళలో నాని నాని వేళ్ళ కొసలు ముడతలు పడిపోయాయి. అమ్మ మంచాన పడితే ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషి, నలభై ఆరో ఏట పదో తరగతి పరీక్షకు కట్టింది. పెద్దక్క మొదలుకుని గదిలో పనిచేసేవాళ్ళంతా కలిసి "టెన్త్ పాప" అని పేరు పెట్టారు. ఆమె ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తుంది.

అదే పరీక్షకు కట్టిన రెండో మనిషి, లిఫ్టు నడిపే అతను. మధ్యాహ్నం మూడింటికి వీధి చివరి బళ్ళో పెద్దవాళ్ళ క్లాసు. ఇంగ్లీషు జాతీయాలంటే ఇద్దరికీ సరదా. లిఫ్టులో పందెం వేసుకునేవారు: ఒకరు ఇంగ్లీషులో అంటే, నాలుగో అంతస్తు వచ్చేలోగా రెండోవారు తెలుగులో చెప్పాలి. 'పీస్ ఆఫ్ కేక్' అంటే నల్లేరు మీద నడక. ఆమె ఇంతవరకూ ఓడలేదు.

గదిలో ఆడవాళ్ళంతా అతన్ని "అన్నయ్యా" అంటారు. ఆమెకు ఆ పిలుపు నోరు దాటి రాదు. పోనీ "ఏవండీ" అందామా అంటే, పెద్దక్క ఊరంతా టముకు వేసేస్తుంది. అందుకని నాలుగేళ్ళుగా దగ్గుతోంది. లిఫ్టు దగ్గర చిన్న దగ్గు వినబడితే అతను తలెత్తుతాడు. అతనూ అంతే, ఒక్కనాడూ "చెల్లెమ్మా" అనలేదు. తెలుగులో నోరు తెరిస్తే ఏదో ఒక వరస కలపాలి. ఇంగ్లీషులో ఆ బెడద లేదు, 'యూ' అంటే సరిపోతుంది. ఆ భాషంటే ఆమెకు ప్రాణం.

రేపటి నుంచి లిఫ్టు మీటలు నొక్కితే దానంతటదే నడుస్తుంది. అతనికి ఇవాళే ఆఖరు. క్లాసుకు కూడా రాడట, అటునుంచటే కూతురి దగ్గరికి వెళ్ళిపోతాడట. భార్య పోయి అతనికీ, భర్త పోయి ఆమెకూ చాలా ఏళ్ళయింది. ఉండిపొమ్మనడానికి ఆమె ఎవరు? అతను ఒక్క మాట అంటే చాలు, ఉండిపొమ్మంటుంది. పొద్దుటినుంచీ ఆ ఒక్క మాట కోసమే చెవులు రిక్కించుకుని తిరుగుతోంది.

రెండింటికి చివరి ట్రిప్పు. దుప్పట్ల మూటను బండి మీద నెట్టుకొచ్చి దగ్గింది. అతను జాలీ తలుపు లాగాడు. ఇవాళ చొక్కా ఇస్త్రీది. మొదటి అంతస్తు దాటింది. రెండోదీ దాటింది. అతను గోడకేసి చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"షల్ వుయ్ టై ద నాట్?"

అది మంగళవారం పాఠం. ఆ రోజు మిషను మొరాయించడంతో ఆమె క్లాసుకు వెళ్ళలేదు. టై అంటే కట్టడం, నాట్ అంటే ముడి, అంతవరకు తెలుసు. మూటకేసి చూసింది. నిజమే, ముడి సడలింది. ఆఖరి రోజున కూడా ఈయనకు పనే కనబడుతోందని మనసు చివుక్కుమంది. వంగి, కొసలు లాగి, పళ్ళు బిగబట్టి కట్టింది.

"కట్టేశానండి," అంది. "ఇక ఊడదు."

అతను కాసేపు ఆ మూటనే చూశాడు.

"మంచిదండి," అన్నాడు. నాలుగో అంతస్తు వచ్చింది.

క్లాసులో పంతులమ్మ మంగళవారం పాఠం అప్పజెప్పించుకుంటోంది. ముందు బెంచీలో కూరగాయలమ్మే ఆవిడ లేచి గడగడా చెప్పింది: "టై ద నాట్ అంటే పెళ్ళి చేసుకోవడమండీ!"

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. వుయ్ అన్నాడు. మనం అన్నాడు. అన్ని పందేలు గెలిచిన తనకు ఆ 'మనం' చెవినే పడలేదు. ముడిపడటమని తెలుగులోనూ అంటారే! పంతులమ్మ పిలుస్తున్నా వినకుండా వీధిలోకి పరుగెత్తింది.

"మూడింటి బస్సుకే వెళ్ళిపోయాడమ్మా," అన్నాడు ఆసుపత్రి గేటు కాపలాదారు.

"ఏ ఊరు?"

"కూతురి ఊరన్నాడు. పేరు నేనడగలేదు."

లోపల ఎవరో పనివాడు లిఫ్టు గోడకు మీటల పలక బిగిస్తున్నాడు. వెళ్ళిపోయిన మనిషి మీద ఆమెకు కోపం రాలేదు. తన మీద వచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. పనికి అడ్డమని బయట పెట్టేసిన అతని స్టూలు వరండాలో గోడవారన ఉంది, కూర్చునే చెక్క మధ్యలో నున్నగా అరిగి.