నాన్న జుట్టు, మా ఆయన నలుపు

మా ఆయన తన ఫొటో స్టూడియోలో ఇరవై రెండేళ్ళుగా చేసిన పని ఒక్కటే, జనాన్ని ఉన్నదానికంటే బాగా చూపించడం. మొటిమ ఉంటే తుడిచేస్తాడు, గుంట ఉంటే పూడుస్తాడు, గడ్డాలు రెండుంటే ఒకటి కోసేస్తాడు. ఆ పనితోనే మా పిల్లలిద్దరి చదువులూ సాగాయి గనక నేనెప్పుడూ వంక పెట్టలేదు. అలాంటి మనిషికి నలభై ఎనిమిదో ఏట కళ పట్టింది.

కళ అంటే నలుపు తెలుపు. రంగుల ఫొటో అబద్ధమనీ, నలుపు తెలుపే నిజమనీ ఎవరో వర్క్‌షాపులో చెప్పారట. రెండు రోజులు అక్కడ కూర్చుని, మెడలో మఫ్లర్‌తో తిరిగొచ్చాడు. బయట ఎండ మాడ్చేస్తోంది. త్వరలో జరగబోయే ఫొటోల ప్రదర్శనకి ఒక ముసలి ముఖం పంపాలని తీర్మానించుకున్నాడు. అమ్మని అడిగే ధైర్యం లేదు గనక, ఉచితంగా దొరికే ముసలి ముఖం ఇంట్లో ఒకటే ఉంది. మా నాన్నది.

నాన్న బస్సు డిపోలో టైమ్‌కీపర్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ అన్నం రెండు నిమిషాలు ఆలస్యమైతే గోడ గడియారం వంక చూసి గొంతు సవరించుకుంటాడు. ఆయనకి ముడతల గురించి బెంగ లేదు, బెంగంతా జుట్టు గురించే. డెబ్బై రెండేళ్ళ మనిషికి కాకి రెక్కలాంటి జుట్టు. నెలకి రెండుసార్లు బాత్రూమ్ గడియ పెట్టుకుని గంటన్నర లోపలే ఉంటాడు. మా వంశంలో ఎవరికీ నెరవదని చెబుతాడు. మా మేనత్తలిద్దరి తలలూ దూదిపింజల్లా ఉంటాయి, ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

ఫొటో అనగానే మురిసిపోయి, ముందురోజే బాత్రూమ్ గడియ పెట్టాడు. స్టూడియోలో కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి మా ఆయన ముప్ఫై ఫొటోలు తీశాడు.

కంప్యూటర్లో రంగులు తీసేయగానే, నాన్న నెత్తిన ఎవరో తారు డబ్బా బోర్లించినట్టు జుట్టంతా ఒకటే ముద్ద. ప్రింటు తీస్తే ఇంకా ఘోరం. కంప్యూటర్ తెర తనంతట తను వెలుగుతుంది, కాగితానికి ఆ భాగ్యం లేదు. పైగా ఆ ఖరీదైన నూలు కాగితం సిరాని జావ తాగినట్టు తాగేసింది. తలా, వెనకున్న ముదురురంగు గోడా ఒకటైపోయి, ముఖం ఒక్కటే గాల్లో వేలాడుతోంది. నాన్న పోయాక దండ వేయడానికి బావుంటుందన్నాను. మా ఆయన ప్రింటు నా చేతిలోంచి లాక్కున్నాడు.

తర్వాత నాలుగు రోజులు పంతం పట్టి కూర్చున్నాడు. తెర వెలుతురు సగానికి తగ్గించాడు. నీడల్ని వెంట్రుకవాసి చొప్పున పైకి లేపుతూ, అరచేయంత ముక్కలు ప్రింటు తీసి కిటికీ దగ్గర పెట్టి చూసుకున్నాడు. ఇంటినిండా నాన్న ముక్కలే. ఫ్రిజ్ మీద చెవి, సోఫాలో ముక్కు. ఎరుపుని ముదురు చేసే మీట ఒకటుంది, దాన్ని ఎడమకి జరిపేసరికి చర్మం మీద ప్రతి గీతా లేచి కూర్చుంది. జుట్టులో పాయలు కూడా విడివడ్డాయి. దాంతోపాటు, రంగుల ఫొటోలో చర్మంలో కలిసిపోయిన జుట్టురంగు మరకలు నుదుటి మీదా, చెవి పక్కనా బయటపడ్డాయి.

తుడవడానికి ఒక్క నిమిషం చాలు. ఊరందరికీ చేసిన పనే. మా ఆయన ఆ పని మాత్రం చేయలేదు. ఆ మరకలున్నాయి గనకే అది మనిషి ముఖంలా ఉందన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ఫొటో అనగానే తలుపేసుకుని తంటాలు పడిన ముసలాయన అందులో ఉన్నాడు. చూడగానే నవ్వొచ్చింది, తుడవమని మాత్రం అనబుద్ధి కాలేదు.

ప్రింటు ప్రదర్శనకి ఎంపికయ్యాకే నాన్నకి పూర్తి ముఖం చూపించాం. కళ్ళజోడు పెట్టుకుని, తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. నుదుటి మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగాడు. నీడ అన్నాడు మా ఆయన. ఇన్ని నీడలు పడటానికి నేనేమన్నా జల్లెడ కింద కూర్చున్నానా అన్నాడు నాన్న. ముక్కూమొహం తెలియనివాళ్ళ మచ్చలన్నీ తుడిచినవాడివి, పిల్లనిచ్చిన మామకి తుడవలేవా అని ఆయన. అది వ్యాపారం, ఇది కళ మామయ్యా అని ఈయన. నాన్న చెప్పులు వేసుకున్నాడు. పోవడానికి చోటెక్కడా లేదు. ఇల్లు ఆయనది, అందులో ఉంటున్నది మేము. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"అంటే నా సంగతి ఊరందరికీ తెలియాలి, అంతేగా" అన్నాడు.

అమ్మ అప్పటిదాకా మంచం మీద బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు.

"ముప్ఫై ఏళ్ళుగా మీ దిండు గలీబులు ఉతుకుతున్నది నేనేగా" అంది.

ముప్ఫై ఏళ్ళా అన్నాడు నాన్న నెమ్మదిగా. ముప్ఫై ఒకటి అని సరిచేసింది అమ్మ. మొదట్లో తెల్ల గలీబులు వరసగా నాలుగు పాడయ్యాయట, అప్పటినుంచీ నల్లవే కొంటోందట. మా ఇంట్లో గలీబులన్నీ ఎందుకు నల్లగా ఉంటాయో నాకు ఆ రోజే తెలిసింది. నాన్న చెప్పులు విప్పేసి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాడు. ఒక తువ్వాలు తీసుకుని వంకరటింకరగా మడతపెట్టాడు. ఉండనీలే, తుడవకు అన్నాడు అల్లుడితో.

ప్రదర్శనలో మూడడుగుల ప్రింటు పక్కనే నాన్న ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డాడు. ఒకావిడ వచ్చి చాలాసేపు చూసి, ఈ ముఖంలో ఎంత నిజాయితీ ఉందో అంది. ఆయన తల పంకించి, అది మా వంశంలోనే ఉందమ్మా అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ మా ఆయన్ని పక్కకి పిలిచి, తనకీ అలాంటిదొకటి కావాలంది. మా ఆయన పొంగిపోయాడు. అత్తగారి ముఖానికి ఎర్ర మీట ఎంత జరపాలో అప్పుడే లెక్కలేస్తున్నాడు.

"నాకు మాత్రం అన్నీ తుడిచెయ్యి బాబూ" అంది అమ్మ. "మెడ దగ్గర కూడా."

కళాకారుడు లెక్కలాపి, సరే అత్తయ్యా అన్నాడు. మూడు రోజులు కూర్చుని తన విద్యంతా అందులో పోశాడు. ఇప్పుడది మా హాల్లో వేలాడుతోంది. చూసినవాళ్ళు ఎవరని అడిగితే, మా మరదలు అంటాడు నాన్న.